బాపట్ల డబ్బా

మా వైపు పసిపిల్లలు ఏ పనీ ఊరికే చెయ్యరు. చంటిబిడ్డ నవ్విందంటే నువ్వుండలు పంచాలి. బోర్లా పడిందంటే బొబ్బట్లు. పాకితే పాకుండలు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు. చిట్టచివరికి మాట పలికిందంటే పంచదార చిలకలు. ఆ గుప్పెడు ప్రాణి చేసే ఒక్కో ఘనకార్యానికీ ఇంట్లో ఆడవాళ్ళు పొయ్యి దగ్గర మాడి మసైపోయేవారు. వీధిలో వాళ్ళు తిని తిని ఆయాసపడి, ఇక ఈ బిడ్డ కొన్నాళ్ళు కదలకుండా పడుంటే బాగుండునని లోలోపల మొక్కుకునేవారు.

అరవయ్యో దశకం చివర్లో మా కుటుంబం మూడూళ్ళలో ఉండేది. మా అమ్మ రేపల్లెలో, మా అక్క బాపట్లలో, మధ్యన తెనాలిలో నేను. రేపల్లె బండి తెనాలి దాకా వచ్చి ఆగిపోతుంది. అక్కణ్ణుంచి బాపట్ల పోవాలంటే పెద్ద లైను బండెక్కాలి. అందుచేత మా అమ్మకీ అక్కకీ మధ్య నడిచే తగవులూ తాయిలాలూ అన్నీ నా గుమ్మంలోనే బండి మారేవి.

మా బావది బాపట్ల స్టేషనులో గూడ్సు ఆఫీసు ఉద్యోగం. పట్టాల పక్కనే క్వార్టర్సు. ఆయన ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చాడో గాని ఓ బిస్కట్ల డబ్బా తెచ్చాడు. డబ్బా అంటే మామూలు డబ్బా కాదు. ఓ మోస్తరు పెళ్ళివారి ఫలహారమంతా అందులో పట్టి, వియ్యపురాలు అలిగితే ఆవిడ కూడా పట్టేంత చోటుండేది. మూత మీద గుర్రమెక్కిన దొరసాని బొమ్మ. ముక్కు దగ్గర రంగు రాలిపోయి, ఆవిడ జలుబుతో బాధపడుతున్నట్టు కనిపించేది. తెలిసిన గార్డు చేతికిస్తే ఆ డబ్బా బాపట్ల నుంచి తెనాలికి మాకంటే దర్జాగా ప్రయాణం చేసేది.

ఒకరింటి నుంచి వచ్చిన గిన్నెని ఉత్తదిగా తిప్పి పంపకూడదన్నది అందరిళ్ళలో ఉన్నదే. మా అమ్మ దానికి ఇంకో మెలిక పెట్టింది. అక్క కొడుకూ నా కూతురూ కొద్ది వారాల తేడాలో పుట్టారు. వాడు బోర్లా పడితే బొబ్బట్లతో డబ్బా మా ఇంటికొస్తుంది. మా పిల్ల బోర్లా పడేదాకా అది మా అటక మీద ఉండాలి. పడ్డాక, మా బొబ్బట్లతోనే తిరిగి వెళ్ళాలి. వేరేది పెట్టి పంపితే బిడ్డని తక్కువ చేసినట్టట. ఈ చట్టాన్ని ఏ శాసనసభ చేసిందని నేనడిగితే, “నా కడుపున పుట్టినవాడివి, నోరుమూసుకోరా” అంది.

మా ఆవిడ తెలుగు పిల్లే గాని మద్రాసులో పుట్టి పెరిగింది. వాళ్ళ తాత రోజుల్లో ఇటునుంచి వెళ్ళి పెరంబూరులో స్థిరపడ్డారు. ఇంట్లో పెద్దల ముందు తెలుగు. వీధిలో, బళ్ళో, కోపంలో, కలలో తమిళం. పాప పుట్టాక ఆవిడ ఒళ్ళో వేసుకుని “కణ్ణే, కణ్ణే” అంటూ తమిళంలోనే ఊసులు చెప్పేది, తమిళంలోనే జోల పాడేది. తెలుగులో పాడమంటే ఆవిడకి వచ్చినవి బళ్ళో నేర్చిన పద్యాలే. వాటితో పిల్లలు పడుకోరు, లేచి చేతులు కట్టుకుని నిలబడతారు.

నాకు మాత్రం ఇది బ్రహ్మాండంగా అనిపించింది. నేను పనిచేసే బియ్యం మిల్లు ఆఫీసులో ఛాతీ విరుచుకుని చెప్పేవాణ్ణి. “మా అమ్మాయికి రెండు భాషలండి. మూడోది ఇంగ్లీషు, బేరం మాట్లాడుతున్నాం.” అప్పటికి దానికి ఒక్క పన్నైనా రాలేదు.

పాప అన్నీ వేళకి చేసింది. నవ్వింది. బోర్లా పడింది. మా అమ్మ రేపల్లె నుంచి వచ్చి చేసిన బొబ్బట్ల వాసన పెనుమూడి రేవు దాటి అవతలి జిల్లా వాళ్ళని పడవెక్కించిందని నేను ఇప్పటికీ చెబుతాను, ఎవరూ నమ్మరు. ఇక అడుగుల దగ్గరికొచ్చేసరికి మా పిల్ల అక్క కొడుకుని దాటేసింది. వాడింకా గోడ పట్టుకుని వేలాడుతుండగానే ఇది వంటింట్లోంచి వీధి గుమ్మం దాకా నడిచి, గర్వంతో కూలబడింది. ఆసారి డబ్బా అరిసెలతో మా ఇంటి నుంచే ముందు బయల్దేరింది. ఆ అరిసెల్లో మా అమ్మ పోసిన నెయ్యికి దొరసాని గుర్రం జారిపడాలి.

మా అక్క తిన్నది, తిని వచ్చింది. మా గుమ్మంలో నిలబడి చేతులు తిప్పుకుంటూ అంది:

“నడకదేముందిరా, గొడ్డూ నడుస్తుంది. మాట రావాలి గాని.”

“వస్తుందిలేవే, రెండు భాషల్లో వస్తుంది. అప్పుడు నీకు డబ్బాలు రెండు కావాలి” అన్నాను.

అందరం నవ్వాం.

కొన్నాళ్ళకి బాపట్ల నుంచి చిలకలు దిగాయి. గులాబీరంగువీ తెల్లవీ, అచ్చుల్లో పోసిన పంచదార చిలకలు, డబ్బా నిండా. మా మేనల్లుడు మాట పలికాడట. ఏమన్నాడయ్యా అంటే, “కూ” అన్నాడట. కిటికీ అవతల రైలు పోతుంటే వేలెత్తి చూపించి “కూ” అన్నాడు. నేను ఒప్పుకోలేదు. అది కూత గాని మాట కాదనీ, ఆ లెక్కన మిల్లు సైరను కూడా పూటకో చిలక పంచాలనీ వాదించాను. మా ఆవిడ నవ్వుతూ చిలకలన్నీ వీధిలో పంచి, డబ్బా తుడిచి అటకెక్కించింది.

ఆ తర్వాత ఆ “కూ” అన్నా చాలని మేము అనుకున్న రోజులు చాలా ఉన్నాయి.

నెలలు గడిచాయి. మేనల్లుడు “కూ” నుంచి “బండి”కీ, “బండి” నుంచి వాళ్ళ నాన్నని పేరు పెట్టి పిలవటానికీ ఎదిగాడు. మా పిల్ల మాత్రం పసిగుడ్డుగా ఉన్నప్పుడు కొట్టిన ఊ కూడా మానేసింది. ఏం కావాలన్నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయి చూపించేది. నీళ్ళకి బొటనవేలు నోటి దగ్గర పెట్టుకునేది. మా అమ్మ కావాలంటే రెండు వేళ్ళతో ముక్కు పట్టుకునేది, మా అమ్మ పొడుం పీల్చినట్టు.

మా అమ్మ రేపల్లె ఇంటికి తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకుని దిగిపోయింది. వచ్చిన పూటే రోగం కనిపెట్టింది.

“ఒక చెవిలో తెలుగు పోస్తారు, ఒక చెవిలో అరవం పోస్తారు. లోపల రెండూ జుట్లు పట్టుకుంటుంటే నోట్లోకి ఏది వస్తుంది? అమ్మాయ్, ఇవాళ్టి నుంచి దాని దగ్గర ఆ అరవం కట్టిపెట్టు.”

“అలాగేనండి అత్తయ్యా” అంది మా ఆవిడ.

నేనేదో అనబోయాను. “నీకేం తెలుసురా? వీధిలో అడుగు” అంది మా అమ్మ. వీధిలో అడగక్కర్లేదు, వీధంతా మా వరండాలోనే ఉంది. ఒకావిడ వాళ్ళ తోటికోడలి బిడ్డకి ఇలాగే రెండు భాషలు కలిసి నత్తి వచ్చిందంది. ఇంకొకావిడ నత్తి కాదు, ఏకంగా మతిపోయిందంది. అందరూ మా అరిసెలు తిన్నవాళ్ళే, ఎవరి మాట కాదంటాం?

ఇక వైద్యం మొదలైంది. వసకొమ్ము తేనెలో అరగదీసి పొద్దున్నే నాలిక్కి రాసేవారు. మా అమ్మ అరగదీసిన వసకి ఊళ్ళో గోడలు కూడా కబుర్లు చెప్పాలి. పాప మొహం చిట్లించుకుని మింగేది. చిలక కొరికిన జామపండు తినిపిస్తే మాటలొస్తాయని ఎవరో చెబితే, నేను సంగం జాగర్లమూడి కాలవగట్టున ఉన్న తోటల్లో చిలకల వెనకాల తిరిగాను. మంచి జామపండు వదిలేసి ఎంగిలి పండు వెతికే మనిషిని చూసి తోటమాలి కర్ర పక్కన పెట్టి జాలిపడ్డాడు.

ఇదంతా జరుగుతుండగా మా ఇంట్లో ఇంకో గొంతు తగ్గిపోతూ వచ్చింది. మా ఆవిడ పాపని ఎత్తుకుని ఏదో అనబోయి, నోటికి ముందొచ్చిన మాట తమిళం కావటంతో ఆగిపోయేది. దాన్ని తెలుగులోకి మార్చుకునేలోపు పాప ఒళ్ళోంచి జారి వెళ్ళిపోయేది. కొన్నాళ్ళకి ఆ ప్రయత్నం కూడా మానేసింది. స్నానం చేయించటం, తల దువ్వటం, అన్నం పెట్టటం, అన్నీ చప్పుడు లేకుండా జరిగేవి. జోల మా అమ్మ పాడేది. మా ఆవిడ గోడవైపు తిరిగి పడుకునేది.

వినికిడి మాట ఎవరికీ తట్టలేదా అంటే, తట్టింది. మా మిల్లు ఆఫీసులో ఒకాయన అడిగాడు కూడా. దానికి మా అమ్మ దగ్గర తిరుగులేని సాక్ష్యం ఉంది. మా ఇల్లు పట్టాలకి దగ్గర. బండి వస్తోందంటే మాకెవరికీ ఏమీ వినపడకముందే మా పిల్ల చేతిలో ఉన్నది పారేసి కిటికీ దగ్గరికి పరిగెత్తేది. అది వెళ్ళి ఊచలు పట్టుకున్నాక అప్పుడు మాకు కూత వినపడేది.

“చూడరా, రైలు మనకంటే ముందే వినిపిస్తుంది దీనికి! చెవులా అవి? పాము చెవులు!” అని మా అమ్మ దిష్టి తీసేది. ఆ మాట బాపట్ల దాకా వెళ్ళింది. మా అక్క కూడా క్వార్టర్సులో అందరికీ చెప్పుకుంది.

దీపావళి వచ్చింది. పొద్దు వాలకముందే మా వీధి కుర్రకారు మొదలెట్టారు. ఎవడో లక్ష్మీబాంబు ఒకటి పాప వెనక వైపు, అరుగుకి కాస్త ఎడంగా పెట్టి వెలిగించాడు. అది పేలిన పేలుడికి మా పెంకుల్లోని పావురాలు చీరాల దాటి వేటపాలెం జీడితోటల్లో వాలి ఉంటాయి. నేను ఎగిరిపడ్డాను. మా అమ్మ పొడుం డబ్బీ జారవిడిచింది. పాప అరుగు మీద కూర్చుని, చేతిలో ఉన్న మతాబా బొమ్మ కాగితాన్ని నింపాదిగా చింపుకుంటోంది.

“అబ్బో, ఎంత ధైర్యమే తల్లీ! రేపు పోలీసు ఇనస్పెక్టరు అవుతుందండి మీ మనవరాలు!” అంది ఎదురింటావిడ. వీధంతా మెచ్చుకుంది.

మా ఆవిడ మెచ్చుకోలేదు. గుమ్మం పట్టుకుని పాపనే చూస్తూ నిలబడింది.

మర్నాడు పొద్దున్న పాప వంటింట్లో గిన్నెలతో ఆడుకుంటోంది. మా ఆవిడ చప్పుడు కాకుండా దాని వెనక్కి వెళ్ళి నిలబడి, నెలల తరబడి మూసుకున్న నోరు తెరిచి, తమిళంలో గట్టిగా పిలిచింది.

“కణ్ణే! ఇంగ పారు!”

పాప గిన్నెలో గిన్నె పెట్టుకుంటోంది.

“మళ్ళీ మొదలెట్టావా అమ్మాయ్?” అంటూ మా అమ్మ లోపలికి వచ్చింది. మా ఆవిడ మొహం చూసి ఆగింది. తనూ పిలిచింది, తెలుగులో. “బుజ్జీ! ఇటు చూడవే!” పాప చూడలేదు. మా అమ్మ దేవుడి గూట్లోంచి గంట తెచ్చి దాని తల వెనకాల వాయించింది. అది ఎంత గంటంటే, దాంతో మా అమ్మ రోజూ ముక్కోటి దేవతల్నీ ఒక్కసారే నిద్రలేపేది. పాప గిన్నెలోంచి గిన్నె తీసింది. మా అమ్మ వాయిస్తూనే ఉంది. చివరికి నేను వెళ్ళి ఆవిడ చేతిలోంచి గంట తీసుకోవాల్సివచ్చింది.

గుంటూరులో చెవుల డాక్టరు దగ్గరికి నలుగురం వెళ్ళాం. ఆయన రెండు కొమ్ముల ఇనప ముక్క ఒకటి బల్లకేసి కొట్టి పాప చెవి దగ్గర పెట్టాడు. ఏమీ లేదు. మళ్ళీ కొట్టి, దాని కాడని చెవి వెనక ఎముకకి ఆనించాడు. పాప కళ్ళు పెద్దవి చేసి నవ్వింది.

“వినపడిందండీ డాక్టరు గారూ!” అని మా అమ్మ కుర్చీలోంచి లేచింది.

“అది చెవికి కాదమ్మా, ఎముకకి. అదురు తగిలింది, అంతే.”

“మరి రైలండీ? మా అందరికంటే ముందే వినిపిస్తుందండీ!”

“మీ ఇల్లు పట్టాల దగ్గరా? బండొస్తే ముందు నేల అదురుతుంది కదమ్మా. చెప్పులు లేకుండా తిరిగే పిల్ల, పాదాలకి తెలుస్తుంది.”

మా అమ్మ తన పాదాల వంక చూసుకుంది. తలెత్తి అడిగింది: “రెండు భాషలు కలిసి ఇలా అయ్యిందంటారాండి?”

ఆయన చెడ్డవాడేం కాదు. రోజంతా ఇలాంటివి చెప్పి అలిసిపోయినవాడు. “ఒక్క భాషా లోపలికి వెళ్ళలేదమ్మా. పుట్టుకతోనే ఇంతే” అన్నాడు.

వస గురించి మా అమ్మ అడగలేదు.

తిరుగు బండిలో మా ఆవిడ కిటికీ పక్కన కూర్చుని పాపని ఒళ్ళో నిలబెట్టుకుంది. బండి కదిలింది. అప్పుడు మొదలెట్టింది, తమిళంలో. లోగొంతుకతో కాదు, పెట్టె పెట్టంతా తలతిప్పి చూసేటంత గట్టిగా. ఇన్ని నెలలూ దాచుకున్నదంతా చెబుతోందని మాత్రం నాకు అర్థమైంది. పొలం చూపించి ఏదో చెప్పింది, ఎద్దుని చూపించి ఏదో చెప్పింది, కాలవ దాటుతుంటే ఆ కాలవ గురించి చెప్పింది. పాప ఆవిడ పెదాలు కదులుతుంటే వాటి మీద వేలు పెట్టి ఆడుకుంటోంది. ఆ వేలి వెనక నుంచే మాటలు వస్తున్నాయి. తర్వాత జోల అందుకుంది. పట్టపగలు, వేరుశనక్కాయలు అమ్మేవాడు పక్కన నిలబడి ఉండగా, “ఆరారో” అని పాడింది. పాట మధ్యలో ఆగిపోయింది.

ఎదురుగా కూర్చున్న మా అమ్మ అప్పటిదాకా తలెత్తలేదు.

“ఆపావేం?” అంది. “పాడు.”

మా ఆవిడ పాడలేదు.

ఆ తర్వాత మా ఇంటికి తీపి రావటం ఆగిపోయింది. వీధిలో ఎవరి బిడ్డ బోర్లా పడినా మాకు చెప్పేవారు కాదు. వాసన మాత్రం ఎవరూ ఆపలేరు కదా. ఏలకుల వాసన వస్తే, ఓహో ఎవరో బోర్లా పడ్డారనుకునేవాళ్ళం. జాలివల్ల కొందరు చెప్పేవారు కాదు, మా పిల్ల చూపు తగులుతుందని కొందరు. మేనల్లుణ్ణి అక్షరాభ్యాసానికి కూర్చోబెట్టిన సంగతి మాకు డబ్బాలు మోసే గార్డు చెప్పాడు, ప్లాట్‌ఫారం మీద, పొరపాటున.

అక్క ఒకసారి వాణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. వాడు మా గుమ్మంలో అడుగు పెడుతూనే నోరు రెండు చేతులతో మూసుకున్నాడు. ఏంట్రా అంటే తల అడ్డంగా ఊపాడు. వాగుడుకాయ, బాపట్ల స్టేషను మైకు చెడిపోతే వాడు చాలనేవారు, అలాంటివాడు. గడియారం మోగినట్టు గంటకోసారి తిట్టే మా అక్క, వాడికి బండిలోనే గట్టిగా చెప్పి తెచ్చింది: మావయ్య వాళ్ళింట్లో మాట్లాడితే తొడపాశం. పిల్లలిద్దరూ సాయంత్రం దాకా గిన్నెలతో ఆడుకున్నారు. ఇద్దరిలోనూ చప్పుడు లేదు. మా ఆవిడ చూడలేక పెరట్లోకి వెళ్ళిపోయింది. తిరిగి బాపట్ల బయల్దేరేటప్పుడు అక్క కళ్ళు ఒకసారి అటక మీదికి పోయాయి. దొరసాని మొహం మీద దుమ్ము పేరుకుంది.

మా అమ్మ ఆ చూపు చూసింది. కొన్నాళ్ళు ఊరుకుంది. డెబ్భయ్యో దశకంలో పడ్డాం, పాప నా నడుముకి వచ్చింది. ఒక ఉదయం మా అమ్మ ముక్కాలిపీట వేసుకుని తనే ఎక్కి డబ్బా దించింది. చింతపండు పెట్టి తోమింది. తోమిన తోముడుకి దొరసానికి మిగిలిన ముఖం కూడా పోయి గుర్రం ఒక్కటే మిగిలింది.

“ఒరేయ్, బజారుకెళ్ళి చిలకలు పట్రా. డబ్బా నిండాలి.”

నాకేం చెయ్యాలో తోచక మా ఆవిడ వంక చూశాను. ఆవిడ పాప జడకి రిబ్బను కడుతోంది. తలెత్తకుండా, “తీసుకురండి” అంది.

బాపట్ల క్వార్టర్సులో అక్క మమ్మల్ని చూసి చీపురు పారేసి వచ్చింది. మా అమ్మ డబ్బా ఆవిడ చేతుల్లో పెట్టింది. అక్క మూత తీసింది. గులాబీరంగువీ తెల్లవీ చిలకలు. అక్క మొహం వెలిగిపోయింది. నా జన్మలో ఎవరి మొహం అంతలా వెలగటం చూడలేదు, ఈ మాటకి నేనేమీ కలపలేదు.

“అమ్మా! మాటొచ్చిందా? పాపకి మాటొచ్చిందా? ఏమందే?”

“రాలేదు” అంది మా అమ్మ.

“మరి...”

“ఇక రాదు. అది వస్తుందని నీ డబ్బా ఎన్నాళ్ళు ఉంచుకోను? ఉత్తది ఇవ్వకూడదు కదే. అందుకని తెచ్చాను.”

అక్క మూత పెట్టేసింది. డబ్బా ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూలబడింది.

“దీంట్లో నేనిప్పుడేం పెట్టి పంపనే అమ్మా?”

“ఏం పెట్టొద్దు. ఇక పంపొద్దు. పప్పులు పోసుకో.”

పాప మా అమ్మ దగ్గరికి వచ్చి రెండు వేళ్ళతో ముక్కు పట్టుకుంది. తర్వాత డబ్బా చూపించింది. మా అమ్మ వంగి మూత తీసి ఒక తెల్ల చిలకని దాని చేతిలో పెట్టింది. పాప ముందు ముక్కు కొరికింది, చిలక ముక్కు. నములుతూ నములుతూ ఉన్నట్టుండి ఆగి, కిటికీ దగ్గరికి పరిగెత్తి ఊచలు పట్టుకుంది.

“చూడరా, రైలు మనకంటే ముందే...” అంది మా అక్క, అలవాటుగా. అని, కొంగు నోట్లో కుక్కుకుంది.

మేమందరం కిటికీ వంకే చూస్తూ కూర్చున్నాం. చాలాసేపటికి గాని మాకు కూత వినపడలేదు.